చూడని అంకె

బాయిలర్ గదిలో ఫోను పనిచేసే చోటు ఒక్కటే ఉంది. తూర్పు గోడకు ఛాతీ ఎత్తున ఉన్న కిటికీ అరుగు. అక్కడ పెడితే సిగ్నలు రెండు గీతలు వస్తుంది. అక్కడినుంచి, బాయిలరులో నీళ్లెంతున్నాయో చూపే గాజు గొట్టానికి పదకొండు అడుగులు. కిటికీ దగ్గర నిలబడితే గాజు కనిపించదు. గాజు దగ్గర నిలబడితే ఫోను కనిపించదు. ఆపరేటరు ఆ ఉదయం ఆరింటినుంచి ఆ పదకొండు అడుగులే నడుస్తున్నాడు.

ఆసుపత్రికి ఆవిరి అంతా ఈ గదినుంచే పోతుంది. ఆపరేషను కత్తెరలు ఉడికేదీ, దుప్పట్లు ఆరేదీ, వంటగదిలో గంగాళాలు కాగేదీ దీనితోనే. ఆవిరి ఎక్కిన బాయిలరును వదిలి ఆపరేటరు గడప దాటకూడదు. తలుపు మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంది. ఇరవై ఆరేళ్లలో అతను దాటలేదు. బర్నరు ఆపినా లాభం లేదు, లోపలి ఒత్తిడి దిగడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మధ్యాహ్నం రెండింటికి రిలీవరు వచ్చి సంతకం పెట్టాకే అతనికి విడుదల.

ఫోనులో ఉన్నది కూతురి నెత్తురులో చక్కెర ఎంతుందో చెప్పే అంకె.

కూతురికి ఇరవై ఒకటి. పదో ఏటినుంచి ఆమె ఒంట్లో ఇన్సులిన్ తయారవడం లేదు. పూటపూటా పొడుచుకోవాలి. జబ్బ మీద బొత్తామంత సెన్సారు అంటించుకుంటుంది. అది అయిదు నిమిషాలకొక అంకె ఆమె ఫోనుకు పంపుతుంది, అక్కడినుంచి తండ్రి ఫోనుకు వస్తుంది. పక్కనే ఒక బాణం. పైకి ఉంటే ఎక్కుతోంది, కిందికి ఉంటే దిగుతోంది, రెండు బాణాలు కిందికి ఉంటే పడిపోతోంది. ఈ రోజు ఆమె ఇరవై ఒక్క కిలోమీటర్లు పరిగెడుతోంది. అంత దూరం పందెంలో పరిగెత్తడం ఇదే మొదలు.

ఆసుపత్రి లాగ్‌బుక్కు కింద అతని సొంత నోటుబుక్కు ఒకటి ఉంటుంది. లాగ్‌బుక్కులాగానే గళ్లు గీసుకున్నాడు. టైము, అంకె, బాణం, సంతకం. ఇది ఏడో పుస్తకం. పని నేర్పిన పాత ఆపరేటరు మొదటి రోజే చెప్పాడు: "కంటితో చూసిన అంకే రాయి. చూడని అంకె రాసే చెయ్యి ఏదో ఒకరోజు ఈ గదిని లేపేస్తుంది." ఆ మాట అతను తప్పలేదు. కూతురి విషయంలోనూ తప్పలేదు. మూడేళ్లుగా ప్రతి గంటకూ తన కంటితో చూసి, రాసి, సంతకం పెట్టాడు. అంతకుముందు ఎనిమిదేళ్లూ ఆ పని భార్య చేసింది. పుస్తకం లేకుండా చేసింది. ప్రతి రాత్రీ రెండింటికి లేచి పిల్ల నుదురు తడిమేది. అతను గుర్రుపెట్టేవాడు.

భార్య పోయిన రోజున ఆమె తమ్ముడు నలుగురి ముందు ఆ మాటే అన్నాడు. "మా అక్క ఎనిమిదేళ్లు కంటినిండా నిద్రపోలేదు బావా. నువ్వు ఒక్క రాత్రి లేచావా?" అబద్ధమైతే క్షమించి ఉండేవాడేమో. ఆ రోజునుంచి బావమరిదితో మాటల్లేవు. అతనికి సైకిళ్ల రిపేరు షాపుంది. అందుకని ఇంట్లో అతని పేరు 'సైకిలోడు'. కూతురికి పరుగు బూట్లు కొనిచ్చింది సైకిలోడే. పొద్దున్నే ఆమె పరిగెడుతుంటే పక్కన సైకిలు తొక్కేదీ సైకిలోడే. ఇంటి ముందు బెల్లు కొడతాడు. లోపలికి రాడు.

ఈ ఉదయం అయిదూ పదికి కూతురు తలుపు దగ్గర కూర్చుని లేసులు కట్టుకుంటోంది. తండ్రి ఫోను చూశాడు.

"ఆగు. రెండు వందల ముప్ఫై ఎనిమిది."

"చూశాను నాన్నా. భయానికి అంత ఎక్కింది. పరుగు ముందు అలాగే అవుతుంది. అరగంట పరిగెడితే దానంతటదే దిగుతుంది."

"దానంతటదే దిగే ఒత్తిడిని నేనింతవరకూ చూడలేదు."

"నేను బాయిలరుని కాదు నాన్నా."

"బాయిలరే నయం, చెప్తే వింటుంది. రెండు యూనిట్లు వేసుకో."

"పరుగు ముందు వేసుకోకూడదు. డాక్టరమ్మ నీ ఎదురుగానే చెప్పింది కదా."

"డాక్టరమ్మ ఇక్కడ లేదు, నేనున్నాను. వేసుకుంటేనే తలుపు తెరుచుకునేది."

తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాడు. బయట సైకిలు బెల్లు రెండోసారి మోగింది. ఆమె గడియారం వైపు చూసింది. తండ్రి ముఖం వైపు చూసింది. సంచిలోంచి ఇన్సులిన్ పెన్ను తీసి, మీట రెండు గీతలకు తిప్పి, బనియను పైకెత్తి పొట్టలో గుచ్చుకుంది. పది లెక్కపెట్టి తీసింది.

"చాలా?"

"చాలు."

"ఇది మామయ్యకు తెలిస్తే నన్ను పరిగెత్తనివ్వడు. నేను చెప్పను." లేచి నిలబడింది. "ఇంకోటి. ఈ రోజు నా ఫోను సైలెంటులో ఉంటుంది. పోయిన నెల గంటలో తొమ్మిదిసార్లు చేశావు. చేసినప్పుడల్లా ఆగాలి, ఆగితే కాళ్లు పట్టేస్తాయి. నా దగ్గర చక్కెర బిళ్లలు నాలుగున్నాయి. పన్నెండో కిలోమీటరు దగ్గర మామయ్య జ్యూసు పట్టుకుని ఉంటాడు. ఇక నన్ను వదిలెయ్."

తలుపు తీశాడు. ఎటు పరిగెడతారో, ఎక్కడ ముగుస్తుందో అడగలేదు. తనకు నచ్చని పని గురించి ఒక్క ముక్క కూడా అడగకపోవడం అతనికి అలవాటు.

ఆరూ ఇరవైకి నూట తొంభై ఆరు. బాణం ఏటవాలుగా కిందికి. చూశావా, దిగింది, అనుకున్నాడు. రాశాడు. సంతకం పెట్టాడు. గాజు దగ్గరికి వెళ్లి, కిందున్న కాక్ అనే చిన్న కుళాయి తిప్పి నీళ్లు వదిలాడు. బుస్సుమని నీళ్లు పోయి, కాక్ మూయగానే మళ్లీ మట్టానికి ఎక్కాయి. గాజు నిజం చెప్తోందని తెలుసుకోవడానికి గంట గంటకూ ఇలా చేయాలి. గొట్టంలో నాచో సున్నమో అడ్డుపడితే గాజులో నీళ్లు నిండుగానే కనిపిస్తాయి, బాయిలరు ఎండిపోతుంటుంది.

ఆరూ ముప్ఫై అయిదుకి నూట యాభై ఒకటి. బాణం నిట్టనిలువుగా కిందికి.

ఆరూ నలభై అయిదుకి నూట పద్దెనిమిది.

పెన్ను చేతిలోనే ఉంది, రాయలేదు. పది నిమిషాల్లో ముప్ఫై మూడు. ఇక రాబోయేదెంతో అంచనా వేశాడు. ఒత్తిడి అంచనా వేయడం అతని పని. ఇన్సులిన్ వేసుకున్న గంటా గంటన్నరకు అసలు జోరు మొదలవుతుందని డాక్టరమ్మ చెప్పింది. అది ఇప్పుడే మొదలవుతోంది. పరుగు ఒకవైపు లాగుతోంది, మందు ఒకవైపు లాగుతోంది. మంట కింద తనే ఇంకో మంట పెట్టి పంపించాడు.

ఇంకో సంగతి గుర్తొచ్చింది. సెన్సారు చెప్పేది ఇప్పటి సంగతి కాదు. పది పదిహేను నిమిషాల కిందటిది. పరిగెడుతుంటే ఇంకా వెనకబడుతుంది. అంటే ఫోనులో నూట పద్దెనిమిది ఉంటే నెత్తురులో ఎంతుందో దేవుడికే తెలియాలి. గాజును ప్రతి గంటకూ వదిలి చూసే మనిషి, మూడేళ్లుగా ఈ గాజును ఒక్కసారి కూడా అనుమానించలేదు.

కూతురికి ఫోను చేశాడు. మోగింది, మోగింది, ఆగింది. మళ్లీ చేశాడు. సైలెంటు అని ముందే చెప్పింది. అయినా మూడోసారి చేశాడు.

ఆరూ యాభైకి తొంభై ఏడు. రెండు బాణాలు.

చెమట, దడ, వణుకు. చక్కెర పడిపోతే వచ్చేవి అవే. పరిగెత్తేవాళ్లకు ఊరికే వచ్చేవీ అవే. తనకు ఏం జరుగుతోందో ఆమెకే తెలియకపోవచ్చు. తెలిసినవాడు ఒక్కడే. వాడు ఇనప తలుపు వెనక, ఎర్ర అక్షరాల వెనక ఉన్నాడు.

తలుపుదాకా వెళ్లాడు. గడియ మీద చెయ్యి వేశాడు. వెనక బాయిలరుకు నీళ్లు పంపే ఫీడ్ పంపు టకటకమని మొదలైంది. వదిలేసి పోతే? ఏ వైపుకి పోతాడు? ఎటు పరిగెడుతున్నారో అడిగితే కదా.

నోటుబుక్కు అట్ట లోపలివైపు కేలండరు కాగితం అంటించి ఉంది. దాని కింద ఏముందో అతనికి తెలుసు. ఈ పుస్తకం మొదలుపెట్టిన రోజు కూతురు రాసింది: 'అవసరమైతే, మామయ్య', పక్కన పది అంకెలు. ఆ రోజే జిగురు పూసి కాగితం అంటించాడు. ఇప్పుడు గోటితో చించాడు. చివరి రెండు అంకెలు కాగితంతో పాటు లేచొచ్చాయి. కాగితాన్ని తిప్పి వెలుతురుకు పట్టుకుని చదివాడు.

"హలో, ఎవరండీ?"

ఆపరేటరు ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"ఎవరూ? సైకిలు గురించైతే ఈ రోజు షాపు లేదు."

"నేను."

అవతల జనం కేకలు పెడుతున్నారు.

"బావా? సూర్యుడు ఎటు పొడిచాడో చూడ్డం మర్చిపోయాను. ఏంటి సంగతి?"

"దానికి పడిపోతోంది. తొంభై ఏడు. రెండు బాణాలు. ఫోను ఎత్తడం లేదు. నువ్వు ఎక్కడున్నావు?"

"పన్నెండు దగ్గర. దారిలోకి సైకిళ్లు రానివ్వలేదు." గొంతులో వెటకారం పోయింది. "పొద్దున చాలా ఎక్కువ ఉందని చెప్పింది, ఇంతలోనే ఎలా పడింది? ఏమైనా వేసుకుందా?"

కిటికీ బయట గొట్టంలోంచి తెల్లటి ఆవిరి పోతోంది. ఆపరేటరు దాన్నే చూశాడు.

"నాకేం తెలుసు," అన్నాడు.

"సరే, వెనక్కి వెళ్తున్నాను. పెట్టెయ్."

ఫోను పెట్టేసి అక్కడే నిలబడ్డాడు. ఆరూ యాభై అయిదుకి డెబ్బై నాలుగు. ఏడింటికి అరవై ఒకటి. ఫోను కీచుమని అరిచింది. ఆ తర్వాత అంకె పోయింది. అంకె ఉన్నచోట అడ్డగీత మిగిలింది.

గోడమీది ఇంటర్‌కమ్ మోగింది. లాండ్రీ పెద్దమ్మ.

"ఏంటయ్యా, నిద్దరా? మీటరు పడిపోయింది. ఇక్కడ నా దుప్పట్లన్నీ తడిగుడ్డలై కూర్చున్నాయి."

పరుగెత్తాడు. ఒత్తిడి రెండు గీతలు పడిపోయి ఉంది. నీళ్ల గాజులో మట్టం అడుగు గీతకు వేలెడు పైన ఉంది. పంపు తిరుగుతూనే ఉంది కానీ నీళ్లు తోడడం లేదు. తొట్టి దగ్గర జల్లెడ పూడుకుపోయి ఉంటుంది. కొత్తవాడైతే కంగారుపడి ఉండేవాడు. అతని చేతులు వాటంతటవే పనిచేశాయి. బర్నరు ఆపాడు. రెండో పంపుకి తిప్పాడు. నీళ్లు కొద్దికొద్దిగా ఎక్కించాడు. ఎర్రగా కాలిన ఇనుము మీద చన్నీళ్లు గబాల్న పోయకూడదు. ముందు అసలు ఎంత మిగిలిందో తెలుసుకోవాలి, ఆ తర్వాతే పోయాలి. లోపల ఎంతుందో తెలియకుండా పోసేవాడు తనొక్కడే పోడు, పక్కవాళ్లను కూడా తీసుకుపోతాడు.

గాజులో నీళ్లు మెల్లగా లేచాయి. వాటిని చూస్తూ ఉండగా తను ఫోనులో అన్న మాట మళ్లీ వినిపించింది. నాకేం తెలుసు.

సైకిలోడు ఒక జ్యూసు తాగిస్తాడు. అరవై దాటగానే లేచి పరిగెత్తమంటాడు. ఒంట్లో ఇంకో గంటన్నర పనిచేసే మందు ఉందని అతనికి తెలియదు. తెలిసినవాడు చెప్పలేదు. భార్య సంగతిలో ఒక మాట పడ్డవాడు కూతురి సంగతిలో ఇంకో మాట పడాల్సి వస్తుందని చెప్పలేదు. అంతే. అంతకుమించి కారణం లేదు.

బర్నరు వెలిగించి, మంట నిలబడిందని చూసుకుని, కిటికీ దగ్గరికి వెళ్లాడు. మళ్లీ ఫోను చేస్తే ఈసారి సైకిలోడు అయిదో మోతకు ఎత్తాడు. రొప్పుతున్నాడు.

"దొరికింది బావా, దొరికింది. తొమ్మిదో కిలోమీటరు దాటాక గట్టు మీద కూర్చుని ఉంది. బూటు లేసు విప్పుకుంటోంది. ఎందుకమ్మా అంటే, ఇల్లొచ్చింది కదా మామయ్యా, బూట్లు విప్పొద్దా, అంటోంది. వేలు గుచ్చి చూస్తే నలభై ఎనిమిది. బిళ్లలు నాలుగూ ఎప్పుడో నమిలేసిందట. ఒక డబ్బా తాగించాను. కొంచెం తేరుకుంది, లేస్తానంటోంది."

"లేవనివ్వకు."

"ఎందుకూ?"

"పొద్దున రెండు యూనిట్లు వేసుకుంది. అయిదూ పదిహేనుకి."

"రెండు... దానికేమైనా మతిపోయిందా? పరుగు ముందు ఎవరైనా..."

"నేనే వేయించాను. వేసుకునేదాకా తలుపు తియ్యలేదు."

అవతల ఎవరో మైకులో నీళ్లు అటు, నీళ్లు ఇటు అని అరుస్తున్నారు.

"మరి ఇందాక అడిగితే తెలియదన్నావు."

"అన్నాను."

"బావా, నువ్వు..." అని ఆగిపోయాడు. తిట్టు నోటిదాకా వచ్చి వెనక్కి పోయినట్టు ఊపిరి వినిపించింది. "నీ సంగతి తర్వాత. ఇంకో డబ్బా, బిస్కట్లు తినిపిస్తాను. గంటసేపు కదలనివ్వను. పదిహేను నిమిషాలకోసారి గుచ్చి చూస్తాను. నువ్వు ఫోను చెయ్యకు."

"అంకె రావడం లేదు."

"వచ్చినా అది పాత అంకే. ఇక్కడ మనిషిని నేను చూస్తున్నాను. విను: మాట్లాడుతోంది. నన్ను తిడుతోంది. నీ పోలికే. బాగానే ఉంది."

ఏడూ ఇరవైకి అంకె వచ్చింది. యాభై ఒకటి, కింది బాణం. జ్యూసు తాగి పావుగంటయింది, అయినా యాభై ఒకటి. వేలు ఫోను మీదికి వెళ్లింది. సైకిలోడు బాగానే ఉందన్నాడు. అంకె కాదంటోంది. మూడేళ్లలో సైకిలోడి మాట ఒక్కటి నమ్మలేదు, అంకె ఒక్కటి నమ్మకుండా లేడు. వేలు వెనక్కి తీసుకున్నాడు. గాజు దగ్గరికి వెళ్లాడు. తిరిగొచ్చాడు. వెళ్లాడు. ఏడున్నరకు అరవై ఆరు, బాణం అడ్డంగా. ఏడూ నలభైకి ఎనభై తొమ్మిది.

ఎనిమిదిన్నరకు కూతురే చేసింది.

"నాన్నా."

"ఇంటికి పో. సైకిలు మీద కూర్చోబెట్టుకుని తీసుకుపొమ్మను."

"పోను. నూట పన్నెండు ఉంది, ఇప్పుడే గుచ్చుకున్నాను. పరిగెత్తను, నడుస్తాను. మామయ్య సైకిలు ఎవరికో అప్పజెప్పి పక్కన నడుస్తానన్నాడు. పాపం, ఆయన బొజ్జకు ఇది పెద్ద శిక్ష."

వెనకనుంచి సైకిలోడు ఏదో అన్నాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వు తండ్రి ఇంట్లో విని చాలా రోజులైంది.

"నడిస్తే ఏమొస్తుంది? ఎలాగూ ఓడిపోయావు కదా."

"నాతో ఎవరూ పోటీపడడం లేదు నాన్నా, ఒక్క నువ్వు తప్ప." గొంతులో కోపం లేదు. అందుకే అతనికి భయం వేసింది. "ఇంకో మాట. నీకిక అంకె రాదు. ఆపేస్తున్నాను."

"ఏంటి ఆపేది? ఎవరు చూస్తారు మరి?"

"నేను చూసుకుంటాను. నా ఒళ్లు కదా."

"నేను చూడకపోతే ఈ రోజు నువ్వు..."

"నువ్వు చూడబట్టే కదా నాన్నా ఈ రోజు. మామయ్యకు ఫోను చేశావు. నిజం చెప్పావు. అది మర్చిపోను. తలుపు సంగతీ మర్చిపోను. బాయిలరు చూసుకో."

ఫోనులో అంకె ఉన్న గడి బూడిదరంగుకు మారింది. కింద చిన్న అక్షరాలు: పంచుకోవడం ఆపివేయబడింది. అతను దాన్ని తుడిచాడు. చొక్కా కొసతో తుడిచాడు. ఆపి మళ్లీ వెలిగించాడు. అవే అక్షరాలు.

తొమ్మిదింటికి గాజు వదిలి చూశాడు. నీళ్లు పోయి, మళ్లీ మట్టానికి వచ్చాయి. పదింటికి మళ్లీ. లాండ్రీ పెద్దమ్మ ఇంటర్‌కమ్‌లో దుప్పట్లు ఆరాయని చెప్పి, "ఇందాక ఏమైంది నీకు, ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది. బాగానే ఉందన్నాడు. కిటికీకీ గాజుకీ మధ్య నడవడం మాత్రం మానలేకపోయాడు. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు. కాళ్లకు ఆ సంగతి తెలియడం లేదు.

పదీ యాభైకి ఫోను మోగింది.

"చేరింది," అన్నాడు సైకిలోడు. "దారిలో ఇంకో డబ్బా తాగించాను. ఇప్పుడు నూట ఇరవై ఎనిమిది."

"నువ్వు చూశావా?"

"చూశాను."

"నీ కళ్లతో?"

"కాదు, అరువు తెచ్చుకున్న కళ్లతో. నా కళ్లతోనే బావా. ఇంటికి తీసుకెళ్తున్నాను, అన్నం పెట్టించి పడుకోబెడతాను. మా ఇంటికి. రాత్రికి లేచి చూస్తాంలే, నేనో నా పెళ్లామో. నీకు అలవాటు లేని పని కాదు ఇప్పుడు, తెలుసు. అయినా ఈ రాత్రి నువ్వు నిద్రపో."

పెట్టేశాడు. అది దయో దెబ్బో ఆపరేటరుకు తేలలేదు. తేల్చుకోవాలని కూడా అనిపించలేదు.

నోటుబుక్కు తెరిచాడు. ఈ రోజు పేజీలో అంకెలు ఆరూ ముప్ఫై అయిదు దగ్గర ఆగిపోయి ఉన్నాయి. మొదటి గీతకు పైన కొంచెం చోటుంది. అక్కడ ఇరికించి రాశాడు: 5.15. రెండు యూనిట్లు. వేయించింది నేను. సంతకం పెట్టాడు. ఏడు పుస్తకాల్లో ఆమెకు ఎంత ఉందో రాశాడు కానీ, తనేం చేశాడో రాయడం ఇదే మొదటిసారి. దానికి గడి గీసుకోలేదు.

ఆ తర్వాత కింద: 10.50. 128. బాణం గడి ఖాళీ. సంతకం గడి దగ్గర పెన్ను ఆగింది. చాలాసేపు ఆగింది. పెట్టలేదు.

రెండింటికి రిలీవరు టిఫిను డబ్బా ఊపుకుంటూ వచ్చాడు. ఆరేళ్లుగా ఈ గదినే అప్పగించుకుంటున్న మనిషి. లాగ్‌బుక్కు అనుకుని పైనున్న పుస్తకం తీసి, పేజీ చివరికి వేలు పోనిచ్చాడు.

"ఇదేంటన్నా, చివరి దానికి సంతకం లేదు?"

"నేను చూడలేదు."

"మరెవరు చూశారు?"

ఆపరేటరు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"మా పిల్ల మేనమామ."

రిలీవరు తలెత్తి చూశాడు. "మీకు బావమరిది ఉన్నాడా అన్నా? ఎప్పుడూ చెప్పలేదే!"

ఆపరేటరు అతని చేతిలోంచి నోటుబుక్కు లాక్కుని, అసలు లాగ్‌బుక్కు చేతికిచ్చాడు.

"మొదటి పంపు జల్లెడ పూడుకుపోయింది. విప్పి కడుగు," అన్నాడు. "ఆ గాజుని కూడా నమ్మకు. వదిలి చూసుకో."

గడప దాటి బయటికి వచ్చాడు. ఎండ నెత్తిన ఉంది. తన ఇంటికి ఎడమవైపు, సైకిలోడి ఇంటికి కుడివైపు వెళ్లాలి. గేటు దగ్గర నిలబడి, చెయ్యి జేబులో పెట్టి, పొద్దుటి తాళంచెవిని తడిమి చూసుకున్నాడు.